పోయినవాళ్లూ, ఊరికి పోయినవాళ్లూ

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో మా మూడు వీధుల్లో పోయినవి ఇవి. మనుషులు పద్నాలుగు మంది: మగవాళ్లు తొమ్మిది, ఆడవాళ్లు అయిదు. మళ్లీ ఆడని మగ్గాలు నాలుగు. విత్తనానికని దాచి, మందుల కోసం అమ్ముకున్న వేరుశనగ కాయలు పదకొండు మూటలు. జరగని దినాలు పన్నెండు. రెండిళ్లవాళ్లు మాత్రం నలుగురితో అయిందనిపించారు. ఆ పద్నాలుగు మందిలో ఒకడు మా అన్న.

నేను బడి ఏడో తరగతితో మానేశాను. మగ్గానికి పడుగు పోగులు లెక్కగట్టి ఇవ్వడం నా పని. లెక్కలు ఆ పోగుల దగ్గరే వచ్చాయి. ఎవరైనా మనుషుల లెక్క నోటికొచ్చినట్టు చెబితే నాకు కుదురుండదు.

రెండేళ్ల తర్వాత మా వీధి వాట్సాప్ గ్రూపులో సెల్‌ఫోన్ల అంగడి ఆయన ఒక మెసేజ్ పెట్టాడు. "మన ఊర్లో జబ్బుతో ఎవురూ సావలేదు. అందరినీ సంపింది సూదే." కింద పేర్లు. మూడో పేరు మా అన్నది. పక్కనే, "భార్యే చెయ్యి పట్టుకోని తోడుకపోయి ఏపిచ్చినాది" అని ఉంది.

కరోనా టీకా సూది కోసం వదిన అన్నను మండలం ఆస్పత్రికి తీసుకుపోయిన మాట నిజమే. వాళ్లు వరుసలో నిలబడటం చాలామంది చూశారు. కానీ వాళ్ల వంతు రాకముందే మందు అయిపోయింది, తిరిగి వచ్చేశారు. మళ్లీ పోయేలోపే అన్నకు జ్వరం పట్టుకుంది. సూది పడనే లేదు.

మెసేజ్ వచ్చిన వారానికి వదిన కొళాయి దగ్గరికి పోవడం మానేసింది.

"నేను బిందె పెట్టంగానే ఆడ మాటలు నిలబడిపోతాండాయి," అంది. "నువ్వు లెక్కలోడివి కదా. నేను సంపలేదని లెక్క తేల్చు."

ఇంటింటికీ తిరిగాను. ఊళ్లో లేనివాళ్లకు ఫోన్ చేశాను. పేరు, జ్వరం మొదలైన రోజు, పరీక్ష చేశారా లేదా, సూది పడిందా లేదా. తెలియనిచోట 'తెలియదు' అని రాశాను. పదిహేను పేర్లతో జాబితా గ్రూపులో పెట్టాను.

"వదిన చెప్పింది మరిది రాస్తే అది సాక్ష్యమా?" అన్నాడు అంగడి ఆయన.

"నువ్వు ఎవురినైనా అడిగి రాసినావా అన్నా?"

"ఊరంతా అనుకుంటాండేదే కదప్పా, అడిగేదేముండాది?"

మూడో రోజు అతను ఒక ఫొటో పెట్టాడు. నా జాబితాలో పన్నెండో పేరుగా ఉన్న పెద్దామె, బెంగుళూరులో కూతురి ఇంట్లో ఇడ్లీ ప్లేటు పట్టుకుని కూర్చుని ఉంది. "మన లెక్కలాయప్ప సంపేసిన మనిషి! టిఫిన్ తింటాండాది సూడండి." నవ్వే బొమ్మలు నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను.

తప్పు నాదే. ఆమె మరిదికి ఫోన్ చేసి ఆమె సంగతి అడిగితే "ఆయమ్మ అప్పుడే పోయిందప్పా" అన్నాడు, లైను తెగింది. ప్రాణం పోయినా పోవడమే, బస్సెక్కి పోయినా పోవడమే. అన్నాళ్లుగా చావులే అడుగుతున్న నా చెవికి ఒక్క అర్థమే వినబడింది. ఎక్కడికని అడగలేదు.

పడుగులో ఒక పోగు తప్పితే చీర పొడుగునా గీత కనబడుతుంది. దాచడం కుదరదు, విప్పి కట్టాల్సిందే. ఆ పూటే గ్రూపులో రాశాను: "పన్నెండో పేరు తప్పు. ఆమె బతికే ఉంది. సరిగా అడక్కుండా రాశాను, క్షమించండి. మొత్తం పద్నాలుగు." తర్వాత ఆ పద్నాలుగు ఇళ్లకూ మళ్లీ పోయాను. ఈసారి 'పోయినారా' అని అడగలేదు, దినాలు ఏ రోజుకు రావాల్సి ఉండేవో అడిగాను. బస్సెక్కినవాళ్లకు దినాలు ఉండవు. పరీక్ష జరిగి జబ్బు తేలింది ఆరుగురికే, వాళ్లలో అన్న ఉన్నాడు. మిగతా ఎనిమిది మందిది ఏ జబ్బో నేను చెప్పలేను, అట్లాగే రాశాను.

పెద్దామెకు కూడా ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను.

"ఏమప్పా, నన్ను సంపేసినావంట! దినాలకు వడలన్నా ఏపిచ్చినావా లేదా?" అని నవ్వింది. అసలు ఆ జాబితా ఎందుకని అడిగితే చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"ఎవుడప్పా ఆ మాట అనింది? మీ అన్నా వదినా నా ముందరే నిలబడినారు. మందు అయిపోయిందని మమ్మల్నందర్నీ పంపిచ్చేసిరి. ముగ్గురమూ ఒకే ఆటోలో తిరిగొస్తిమి. నన్ను ఆ గ్రూపులోకి ఎక్కిచ్చు, నేనే చెప్తా."

ఎక్కించాను. అయిదు నిమిషాలకు ఆమె గొంతు వచ్చింది: "ఓ సెల్లంగడోడా! సచ్చిపోయినామె మాట్లాడతాండా, ఇను." ఆటో సంగతితో సహా అంతా చెప్పింది.

సాయంత్రానికి అతను తన పాత మెసేజ్ కింద, "లెక్కలాయప్ప వాళ్లన్న పేరు తప్పు పడింది. వాళ్ల వదిన ఏమీ అనుకోగూడదు," అని రాశాడు.

మరునాడు వదిన బిందె తీసుకుని కొళాయికి పోయింది. తిరిగి వచ్చి, "ఈడ సరే. ధర్మవరంలో మా చెల్లెలి గ్రూపులో గూడా అదే ఉండాదంట," అంది.

నేను అంగడికి పోయాను. "ఎన్ని గ్రూపుల్లో పెట్టినావన్నా?"

ఫోను చూస్తూ వేళ్లు మడిచాడు. "ఏడు."

"తప్పని ఎన్నిట్లో రాసినావు?"

"ఒగదాంట్లో. తక్కినేవి ఇప్పుడు ఎవురు సూస్తారప్పా?"

"మా వదిన చెల్లెలు సూసింది."

అప్పటినుంచి నెలకొకసారి పోతున్నాను. గొంతు పెంచను. గ్రూపుల పేర్లు ఒక్కొక్కటీ చదివి, రాసినావా అన్నా అని అడుగుతాను. "రాస్తాలేప్పా" అంటాడు. నిన్న కూడా అడిగి వచ్చాను. ఇంకా ఆరు.