పాత సంచుల గదిలో అత్తమ్మ, నేను

మాది రేగొండ దగ్గర పల్లె. పెళ్లయి ఆరేళ్లయినా మా వెనక గదిలో అడుగు పెట్టే వీలుండేది కాదు. చిరిగిన యూరియా సంచులు, విరిగిన స్ప్రేయర్, పగిలిన కుండలు, ఎవరివో పాత చెప్పులు. ఏది పారేయబోయినా మా అత్తమ్మ "ఉండనీయ్, అవసరమొస్తది" అనేది.

పోయిన ఎండాకాలం ఆమె చేను కాడికి పోయిన పూట ధైర్యం చేసి సర్దడం మొదలుపెట్టాను. పనికొచ్చేవి ఒక పక్క, పారేసేవి ఒక పక్క వేస్తూ వాకిలి నింపేశాను. సగం గది ఖాళీ అయ్యేసరికి అత్తమ్మ రానే వచ్చింది.

"నా ఇంట్ల నన్నడగకుంట ఏం పనే ఇది?" అని వాడంతా వినేలా అరిచి, మిగిలిన సంచులైనా దక్కించుకోవాలని గదిలోకి దూరింది.

ఆమె సంచి ఎత్తగానే బుస్సుమంది. చేతికి మూరెడు దూరంలో నాగుపాము పడగ విప్పి ఉంది. అత్తమ్మ కొయ్యబారిపోయింది. నేను వెనక నుంచి ఆమె నడుం పట్టుకొని ఒక్క గుంజు గుంజాను. ఇద్దరం గది బయట పడ్డాం. పక్కింటి అన్న పాములు పట్టే ఆయనను పిలిపించాడు.

ఆయన పామును డబ్బాలో వేసుకొని పోయాక అత్తమ్మ చీర దులుపుకొని, "ఇగ ఒక్కటి గూడ ఉంచకు బిడ్డా. నువ్వు తియ్యి, నేను ఇసిరేస్త" అంది.

పొద్దుగూకేలోపు గది ఖాళీ చేసి కడిగేశాం. ఇప్పుడందులో నా కుట్టుమిషను ఉంది. "మా కోడలు సదిరిన గది" అని అత్తమ్మ వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది. ఆ ఒక్క పూట తెగించినందుకు నాకు గదీ దక్కింది, ఆమె మనసూ దక్కింది.