మరిడమ్మ వాంగ్మూలం

1998 జూన్‌లో నన్ను సహాయ కార్మిక అధికారిగా భీమవరం వేశారు. నెల తిరక్కముందే, రొయ్యలు శుద్ధి చేసి ఎగుమతి చేసే ఒక కంపెనీ మీద యూనియన్ కార్యదర్శి ఫిర్యాదు పట్టుకొచ్చాడు. రొయ్యల్ని సైజుల వారీగా ఏరే బల్ల దగ్గర ఆడా మగా చేసేది ఒకే పని. హాజరు మస్టర్‌లో మాత్రం మగవాళ్ళు గ్రేడర్లు, ఆడవాళ్ళు హెల్పర్లు. ఆ పేరు చెప్పి ఆడవాళ్ళకి కూలి తగ్గించి ఇస్తున్నారు.

తనిఖీకి వెళ్ళి గంటసేపు ఆ బల్ల పక్కన నిలబడ్డాను. అందరికీ తలకి టోపీ, మూతికి గుడ్డ, చేతులకి గ్లౌజులు. ఎవరు ఆడో ఎవరు మగో పోల్చుకోవడమే కష్టమైంది, ఇక పనిలో తేడా ఎక్కడ పోల్చను? ఆ ఒక్క మాట తనిఖీ నివేదికలో రాసి సంతకం పెడితే సమాన వేతన చట్టం కింద కేసుకు పునాది పడేది. రాయలేదు. యజమానికి పలుకుబడి ఎక్కువ. నాకు ముందున్న అధికారి ఆర్నెల్లకే బదిలీ అయ్యాడు. భయపడ్డాను. ఆ భయానికి ‘సాక్ష్యం కావాలి’ అని గౌరవమైన పేరు పెట్టుకున్నాను.

కార్యదర్శి ఆ బల్ల దగ్గర పనిచేసే మరిడమ్మను తీసుకొచ్చాడు. నరసాపురం అవతల సముద్రపు ఒడ్డున వేటకెళ్ళే వాళ్ళ ఇంటి మనిషి. భర్త మంచాన పడ్డాక ఇల్లు ఆమె కూలి మీదే నడుస్తోంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. “నా పేరు ఆళ్ళకి తెలుస్తుందాండి?” అని రెండుసార్లు అడిగింది. ఫైలు దాటి బయటికి పోదని చెప్పాను. బల్ల దగ్గర అందరూ చేసేది ఒకే పని అని చెప్పి, వాంగ్మూలం కింద వేలిముద్ర వేసింది.

కంపెనీకి పంపే షోకాజ్ నోటీసుతో పాటు, మేము ఆధారపడిన కాగితాల నకళ్ళు జతచేయడం ఆఫీసు పద్ధతి. గుమాస్తా మామూలుగానే జతచేశాడు. నేనూ మామూలుగానే సంతకం పెట్టాను. రెండు రోజుల తర్వాత ఫైలు తిరగేస్తుంటే ‘జతపరచినవి’ అన్న చోట ఆమె పేరు కనిపించింది. పోస్టాఫీసుకి పరుగెత్తాను. రిజిస్టర్డ్ కవరు అప్పటికే బట్వాడా అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే వాళ్ళ ఊరికి బయల్దేరాను. రోడ్డు పక్కన మరిడమ్మతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్ళు క్యారేజీలు పట్టుకుని కంపెనీ బస్సు కోసం నిలబడి ఉన్నారు. బస్సు వచ్చింది, ఆగకుండా వెళ్ళిపోయింది. కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత, మా ఆఫీసుకి వెళ్ళొచ్చింది ఆమేనని గుర్తొచ్చి, ఒక్కొక్కరే మరిడమ్మ వైపు తిరిగారు. “ఏం చేసొచ్చావే?” అంది ఒకావిడ. మరిడమ్మ నన్ను చూసి, “బయటికి పోదన్నారు గదండి,” అంది. అంత జరిగినా నా దగ్గర మన్నన మానలేదు.

తిరిగొచ్చి, బల్ల దగ్గర చూసినదంతా అదనపు నివేదికగా రాసి పై అధికారికి పంపాను. విచారణలో కంపెనీ వకీలు నన్ను రెండు గంటలు నిలబెట్టి ప్రశ్నించాడు. కేసు ఆ నివేదిక మీదే నిలబడింది. తర్వాతి సీజన్ నుంచి బల్ల దగ్గర అందరికీ ఒకే కూలి. ఆ రోజు ఆగకుండా పోయిన బస్సు పదిహేను రోజులకే మళ్ళీ ఆ ఊళ్ళో ఆగింది. మరిడమ్మను మాత్రం ఎక్కించుకోలేదు. ఆమెను పనిలోకి తీసుకోమని ఉత్తర్వు తెప్పించలేకపోయాను. నన్ను తుని బదిలీ చేశారు. నేను అంతగా భయపడ్డ శిక్ష అదే. నా జీతం ఒక్క రోజూ ఆగలేదు.

తనిఖీ అధికారి తన కళ్ళతో చూసినది ముందు తన సంతకంతో రాయాలి. నేను జంకి, ఆ మాట మరిడమ్మ చేత చెప్పించాను. కేసు గెలవడానికి ఆమె వాంగ్మూలం అవసరమే పడలేదు.