బావగారి మొదటి ఇల్లు

రండమ్మా, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, ఫ్యాను గాలి ఇక్కడే బాగా తగులుతుంది. పొద్దున మా చిన్నమ్మాయి బడి సంచి సర్దుకుంటూ పెన్సిల్ చెక్కింది. ఆ చెక్క పొట్టు వాసన ముక్కుకు తగలగానే నా చేతిలో గరిటె ఆగిపోయింది. అది సత్యం మావయ్య వాసన. మీరెవరూ ఆయన్ని చూడలేదు, అందుకే చెబుతున్నాను.

ఆయన మాకు రక్తసంబంధం కాదు. మలేషియాలో, క్లాంగు పట్నంలో మా వీధి చివర అద్దె ఇంట్లో ఉండేవాడు. రబ్బరు తోట ఆఫీసులో గుమాస్తాగా చేసి మానుకున్నాడు. ఏటా ఆదాయపు పన్ను ఫారాలు నింపే రోజులు వచ్చాయంటే లారీ డ్రైవర్లు, ఫ్యాక్టరీ వాళ్ళు కాగితాల సంచులు పట్టుకుని ఆయన వరండాలో చేరేవారు. ముందు పెన్సిల్‌తో కాగితం మీద రాసి, రెండుసార్లు చదివి వినిపించి, ఆ తర్వాతే పాత కంప్యూటరులో ఒక్క వేలితో కొట్టేవాడు. డబ్బు పుచ్చుకునేవాడు కాదు. పనసపండు తెస్తే మాత్రం వద్దనేవాడు కాదు.

ఒక ఆదివారం అక్కడ పెద్ద వాదన జరిగింది. రెండిళ్ళున్న గోపాలం మొదలుపెట్టాడు. "సూడండి మావయ్యా, క్లాంగులో ఇంటిపన్ను ఎంత గుంజుతున్నారో! అద్దెకిచ్చిన ఇంటికైతే ఆ పన్నుని ఆదాయం లెక్కలోంచి తీసేస్తారంట. నేనున్న ఇంటికి మాత్రం తీయరంట. ఇదేటి నాయం?"

సుంగై సిపుట్ అనే చిన్న ఊరి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన అతని బావమరిది ఊరుకోలేదు. "మీ ఊరి దీపాలు, మీ ఊరి సెత్త బండి మీకే కద లా! మీకు దేశం పన్నులో తగ్గిస్తే ఆ లోటు మేమెందుకు మొయ్యాలి బావా? మా ఈదిలో దీపం ఎలిగి ఎన్నాళ్ళయిందో ఎప్పుడైనా అడిగినావా?"

అందరూ నవ్వారు. మావయ్య కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "మీకిద్దరికీ ఇళ్ళున్నాయిరా, నాకు నేదు. నేనిచ్చే అద్దెలోనే మా ఇంటాయన ఇంటిపన్నూ ఉంది, బేంకు వడ్డీ ఉంది. తగ్గింపు మాత్రం ఆయనకి. ఎండకి ఆయనా నేనూ ఒక్కలాగే మాడతాం కదేటి?"

"అయితే ఇల్లు కొన్నోళ్ళకి తగ్గింపు తీసెయ్యాలంటారా?" అని నేను అడిగాను.

"కాదమ్మా నూకాలూ. మొదటి ఇల్లు కొన్నోడు అప్పులో పీకలదాకా మునిగుంటాడు. ఆడికి సెయ్యి అందియ్యాల. రెండోదీ మూడోదీ కొన్నోడికి అందిచ్చే ముందు అద్దెకున్నోడు గురుతుకి రావాల, అంతే." అలా అన్న మనిషే, తనకు రాని తగ్గింపును ఇళ్ళున్నవాళ్ళ ఫారాల్లో ఒక్క సెన్ను కూడా వదలకుండా రాసిపెట్టేవాడు.

ఆ ఏడే మా ఫారం కూడా తీసుకెళ్ళాం. అంతకు ముందు సంవత్సరం ఇల్లు కొనుక్కున్నాం, మొదటి ఇల్లు గనుక అప్పు వడ్డీ మీద తగ్గింపు వస్తుందని ఆశ. అయితే అప్పట్లో మా ఆయన అప్పన్నకు నాలుగుచోట్ల లారీ పని, జీతం కాగితం లేదు, బ్యాంకు ఒప్పుకోలేదు. అందుకని తెలుక్ ఇంటాన్ ఊళ్ళో ప్రభుత్వ బడి ఆఫీసులో పనిచేసే మా రాములు బావగారి పేరున కొన్నాం. పెద్దవాళ్ళ పేరు పెట్టడం మాలో మర్యాద కూడాను. వాయిదాలు కట్టేది మేము, ఉండేది మేము.

మావయ్య కాగితం తిప్పి తిప్పి చూశాడు. "ఇల్లెవరిదమ్మా?"

"మాదే మావయ్యా."

"కాగితం రాములుదంటోందే."

మా ఆయనకు కోపం వచ్చింది. "అన్నయ్యదైతే నాది కాదేటి? రాసీండి మావయ్యా, ఎవరొచ్చి సూస్తారు?"

మావయ్య పెన్సిల్ కింద పెట్టేశాడు. "నేను రాయను. ఈ తగ్గింపు పోతే పోనీరా అప్పన్నా. రేపు మీ అన్నకేటైనా అయితే నీ పెళ్ళాం పిల్లలు ఏ గుమ్మంలో నిలబడతారు?"

ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. పేరు మార్చమని అడుగుదామంటే మా ఆయన ససేమిరా అన్నాడు. "అడిగితే అన్నయ్యని నమ్మనట్టే. నేనడగను." ఇల్లు దక్కాలంటే అన్నదమ్ములు చెడాలి, అన్నదమ్ములు బాగుండాలంటే ఇల్లు గాలిలో ఉండాలి. మావయ్య దగ్గరకు వెళ్ళి ఏడ్చాను. "నేనొస్తాను, బయలుదేరండి," అన్నాడు.

తెలుక్ ఇంటాన్‌లో బావగారిదీ అద్దె ఇల్లే. టీలు తాగాం. వాన గురించీ చేపల ధర గురించీ మాట్లాడుకున్నాం. అసలు మాట ఎవరి నోటా రాలేదు. చివరికి మావయ్య ఫారం తీసి బావగారి ముందు పెట్టాడు. "రాములూ, ఫారాలు నింపీవోడిని, నాకొక గడి నిండనేదు. ఆ ఇల్లు ఎవరిదని రాయమంటావు?"

మా ఆయన తల ఎత్తలేదు. బావగారు ఫారాన్ని మా ఆయన వైపు జరిపారు. "ఆడిదే మావయ్యా. ఆ మాట ఆడి నోట వస్తాదని ఏడాదిగా సూస్తన్నాను."

వంటింటి గుమ్మంలోంచి మా తోటికోడలు అందుకుంది. "మిగతాది కూడా సెప్పండి మరి. మేమూ ఇక్కడ సిన్న ఇల్లొకటి సూసుకున్నాం మావయ్యా. ఈయన పేరున క్లాంగులో ఇల్లుంది, మొదటి ఇంటి తగ్గింపులు రావన్నారు ఆఫీసోళ్ళు. మానుకుని వచ్చేసినాం."

మా ఆయన దిగ్గున లేచాడు. "అన్నయ్యా! ఒక్క మాట సెప్పలేదేటి?"

"ఎలా సెప్తాన్రా? నీ ఇల్లు నా పేరున ఉందని దెప్పినట్టుండదూ?"

గౌరవం చేశామనుకుని మేము ఆయన మొదటి ఇంటిని మింగేశాం. తర్వాత మా ఆయన ఒకే ఫ్యాక్టరీలో నెల జీతానికి చేరాడు. లాయరు చుట్టూ, బ్యాంకు చుట్టూ నెలల తరబడి తిరిగి ఇల్లు మా పేరున రాయించుకున్నాం. కానీ బావగారి మొదటి ఇంటి తగ్గింపు తిరిగి రాలేదు. ఆయన తరపున మావయ్య నన్ను వెంటపెట్టుకుని పన్ను ఆఫీసుకు వెళ్ళి అడిగాడు. ఒకసారి పేరు పడితే పడినట్టేనన్నారు. బయటకొచ్చి మెట్ల మీద కూర్చుని, "తప్పు ఆళ్ళది కాదమ్మా. ఫారానికి పేరే కనపడతాది, మనిషి కనపడడు," అన్నాడు. ఏ తగ్గింపూ లేకుండానే బావగారు ఆ తర్వాత చిన్న ఇల్లు కొనుక్కున్నారు. మావయ్య మాత్రం అద్దె ఇంట్లోనే కన్నుమూశాడు.

నాకు చదువు లేదు. పన్ను ఎవరికి తగ్గించాలో చెప్పేటంత దాన్ని కాను. ఆయన నాకు నేర్పింది ఒక్కటే, పెద్దల ముందు నోరు మూసుకోవడం గౌరవం కాదని. మొన్న మా పెద్దమ్మాయి, అల్లుడు ఇల్లు చూస్తున్నామంటే వియ్యంకుడి ఎదుటే అడిగేశాను, ఎవరి పేరున, ఎవరు కడతారు, ఎవరుంటారు అని. ఆయన ముఖం కొంచెం ముడుచుకుంది. అయినా జవాబు చెప్పాడు.

సొంతదైనా అద్దెదైనా మీ ఇంటి కప్పు కారకుండా ఉండాలి తల్లీ. దాని కింద మీ అన్నదమ్ములు ఒకరికొకరు మాట దాచుకోకుండా చల్లగా ఉండాలి.