ఓడినవాడికీ ఓ కుర్చీ

మా మరిదితో వచ్చిన నీటి వంతుల తగవులో మా వారు గెలిచారు. పద్మపూర్‌లో పెద్దలు కాగితం రాసే రోజున నేనూ గుణుపురంలో బస్సెక్కి, పక్కనున్న ముసలి టీచరమ్మకు ఆ సంగతి చెప్పాను.

"మీ మరిదొస్తాడా?"

"ఓడినోడికి అక్కడేటి పనండి?"

ఆమె నవ్వింది. "అమ్మీ, రెండొందలేళ్ళ కిందటి మాట. ఫ్రాన్సు యూరప్‌నంతా తొక్కి, ఆకరికి ఓడిపోయింది. గెలిసిన రాజులకి ఒకరంటే ఒకరికి పడదు. అయినా ఒక్క బల్ల కాడ కూకుని, ఫ్రాన్సుకీ కుర్సీ యేసేరు. అది లేకుండా గీసిన హద్దు నిలవదని ఆళ్ళకి తెలుసు. దగ్గర దగ్గర నలబై యేళ్ళు ఆళ్ళలో ఆళ్ళకి పెద్ద యుద్ధమే రాలేదు."

దేవుడే ఆమెను నా పక్కన కూర్చోబెట్టాడు. బస్సు దిగి తిన్నగా మరిది ఇంటికెళ్ళాను.

"రా బాబూ, నువ్వు లేకుండా కాగితం రాయనివ్వను."

అతను చెప్పులు వెతుక్కున్నాడు.