దీక్షా శిబిరంలో నా బుగ్గలు

ఆ రోజుల్లో కోపం తెచ్చుకోవడానికి మాకు కారణాలు వెతుక్కోవలసిన పని ఉండేది కాదు. క్యాంపస్ అంతా తెలంగాణ కోసం మండుతుంటే, నేను మాత్రం నా బుగ్గల మీద మండిపడుతుండేదాన్ని. తార్నాకలో ఉండే మా మేనత్త నన్ను చూసినప్పుడల్లా "ఈ బుగ్గలు తగ్గితేగానీ నీకు సంబంధం కుదరదే అమ్మాయ్" అనేది. (ఆవిడ బుగ్గల సంగతి ఎవరూ అడగలేదు.) ఆ మాట పట్టుకుని, ఇంట్లో చెప్పకుండా ఆపరేషన్‌కి వెళ్ళి, నోటి లోపలి నుంచి బుగ్గల్లో కొవ్వు తీయించుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆవిడ మీదకన్నా నా మీదే ఎక్కువ ఒళ్ళు మండుతుంది.

మర్నాడు గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా పట్టీ చుట్టుకుని హాస్టల్‌కి వచ్చాను. తగ్గవలసిన బుగ్గలు రెండింతలు వాచాయి. నోట్లో కుట్లు. వారం దాకా మాట్లాడకూడదు, నమలకూడదు. సరిగ్గా ముందురోజే క్యాంపస్ గేటు దగ్గర లాఠీచార్జి జరిగింది. నా గదిలోనే ఉండే సీనియర్ అక్క, ఉద్యమంలో ముందు నడిచే మనిషి, నన్ను చూసి చేతిలో బకెట్ వదిలేసింది. "ఏందే ఇది! పోలీసోళ్లు కొట్టిన్రా?"

తల అడ్డంగా ఊపాలి. కానీ అందంకోసం బుగ్గలు కోయించుకున్నానని తెలిస్తే ఆమెకు ముఖం ఎలా చూపించను? నిలువుగా ఊపాను.

అంతే. తెల్లారేసరికి రిలే నిరాహార దీక్ష శిబిరంలో, మెడలో బంతిపూల దండతో, ముందు వరుసలో ఉన్నాను. (ఎలాగూ ఏమీ తినలేను గనుక నాకన్నా అర్హురాలు ఎవరు?) మైకులో ఒకతను "ఈ చెల్లె మొఖం చూడుండ్రి! ఆడపిల్లను గిట్ల కొడ్తరా?" అంటుంటే ఒకటే చప్పట్లు. నా వెనక, నిజంగానే లాఠీదెబ్బ తిని చేతికి కట్టుతో ఉన్న జూనియర్ పిల్ల, దండా లేదు, ఏమీ లేదు, "బాగ నొస్తున్నదా అక్కా?" అంటూ తన నీళ్లసీసా నాకు అందించింది.

సీసా తిరిగి ఆ పిల్ల చేతిలోనే పెట్టేశాను. ఒక కాగితం మీద నిజమంతా రాసి అక్క చేతిలో పెట్టాను. చదివింది. నా బుగ్గల వంక చూసింది. నా మెడలో దండ తీసి ఆ పిల్ల మెడలో వేసి, వంగి నా చెవిలో అన్నది: "కుట్లు మాననియ్. అప్పుడు తిడ్త. ఇప్పుడు తిడితే నువ్వు జవాబియ్యలేవు, మజా రాదు."

మాట నిలబెట్టుకుంది. కుట్లు మానిన రోజు లాలాపేట్ దాకా వినబడేలా తిట్టింది.

ఇప్పుడు నా పాప బుగ్గల గురించి ఎవరేం అంటారోనని నేను కాపలా కాస్తున్నాను. బుగ్గలు కోయించుకొచ్చిన ఆనాటి నేనే ఎదురైతే చెంప పగలగొట్టాలనే ఉంటుంది. కానీ పాపం, అక్కడ అప్పటికే కుట్లున్నాయి.