గోతికి దుప్పటి

పుంగ్గోల్‌లో మా బ్లాక్ పక్కన కొత్తగా తవ్విన గోతిలోంచి తడిమట్టి వాసన వస్తే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

చిన్నప్పుడు సెంగ్‌కాంగ్‌లో ఉండేవాళ్ళం. నాన్న బిల్డింగ్ పునాదులు తవ్వే సైట్‌లో సేఫ్టీ సూపర్‌వైజర్. ఆదివారం మధ్యాహ్నం నా పక్కన పడుకుని కథ చెబుతుంటే వాన మొదలయ్యేది. గోతి అంచులకి టార్పాలిన్ కప్పించాలని కథ సగంలోనే వదిలేసి పరిగెత్తేవాడు. నాకు దుప్పటి కప్పేది మాత్రం అమ్మే.

"గోతికి చలేస్తుందా నాన్నా?" ఒకసారి కోపంగా అడిగాను.

"తడిస్తే మట్టి విరిగిపడుతుంది తల్లీ. లోపల మనుషులుంటారు."

ముఖాలైనా చూడని ఆ మనుషుల్ని తలుచుకుని కూడా కుళ్ళుకున్నాను.

నిన్న ఇక్కడ వాన పట్టుకుంది. ఎవరో టార్పాలిన్‌తో పరిగెత్తారు. గోతిలోంచి ఒక్కొక్కరే నిచ్చెనెక్కి పైకొస్తున్నారు. గొడుగైనా లేదు నా దగ్గర. ఆఖరి మనిషి పైకొచ్చేదాకా నేను కదల్లేదు.