నాలుగో వరస కొళాయి

మిట్ట మీద కట్టిన నలభై ఇళ్లకు నీళ్లు ఎక్కుతాయా, ఎక్కవా అన్నది ఆ రోజు ఉదయం ఎనిమిదింటికి తేలిపోతుంది. ఎక్కితే సాయంత్రమే తాళాలు చేతికిస్తారు. ఎక్కకపోతే మళ్లీ ఎప్పటి మాటో చెప్పేవాళ్లు లేరు. ఇంతవరకు ఊరందరికీ తెలుసు. నీళ్లు ఎక్కవని మాత్రం ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి నాలుగు రోజులుగా నోరు విప్పలేదు.

ఆవిడని చిన్నా పెద్దా అందరూ నీళ్లత్త అనే పిలుస్తారు. తనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అత్తా అనే అంటారు. ఊరి వీధులకు నీళ్లు వదిలేదీ, కట్టేదీ ఆవిడే. మొదట ఆ పని మొగుడిది. ఒక వానాకాలం ఆయన వాల్వు గుంతలో జారిపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. "లేచేదాకా నేను తిప్పుతాను" అని నీళ్ల ఆఫీసులో చెప్పి, ఇనప తాళం తన భుజాన వేసుకుంది. ఆయన మళ్లీ లేవలేదు, ఆ మంచం మీదే పోయాడు. పదహారేళ్లయింది. తాళం ఇంకా ఆవిడ భుజం మీదే ఉంది.

తాళం అంటే జేబులో పట్టేది కాదు. నిలబెడితే ఆవిడ గడ్డం దాకా వచ్చే కడ్డీ, పైన అడ్డంగా పిడి. గుంత మూత తీసి, కింద వాల్వు తలకి దాన్ని తగిలించి, రెండు చేతులతో తిప్పాలి. పిండిమర దగ్గరది పదమూడు చుట్లు. బడి దగ్గరది పదకొండు, కానీ ఏడో చుట్టు మొండికేస్తుంది. రాళ్లు చెక్కేవాళ్ల వీధిలోది పద్నాలుగు. తిప్పడం అయ్యాక ఆవిడ పిడికి చెవి ఆనించి వింటుంది. నీళ్లు నడుస్తుంటే ఇనుములోంచి సన్నని ఈల వస్తుంది. ఆగిపోతే ఏమీ వినపడదు. మొగుడు నేర్పింది అదొక్కటే, అదీ మంచం మీద పడుకుని.

కూతురితో కలిసి సైకిలు షాపు వెనక గదిలో ఉంటుంది. కూతురు బట్టలు కుడుతుంది. కుట్టు మిషను పెట్టాక మిగిలిన చోటులో ఇద్దరూ కాళ్లు చాపుకుని పడుకోవడం కుదరదు. నీళ్లత్త తల మిషను కింద పెట్టుకుని పడుకుంటుంది. పదేళ్లలో ఎన్నిసార్లు నిద్దట్లో లేచి నుదురు కొట్టుకుందో, "ఆ బొప్పి నీకు పుట్టుమచ్చ అయిపోయిందే" అని కూతురు ఏడిపిస్తుంది. ఇప్పుడు షాపతను తమ్ముడికి ఆ గది కావాలన్నాడు. ఎనిమిది రోజుల్లో ఖాళీ చెయ్యాలి. మిట్ట మీద ముప్పై ఎనిమిదో నంబరు ఇల్లు నీళ్లత్తకి చీటీల్లో వచ్చింది. ఇళ్లు నాలుగు వరసలు, వరసకు పది. ముప్పై ఎనిమిది అంటే అన్నిటికంటే ఎత్తున ఉన్న నాలుగో వరస.

ఇక ఆవిడ కడుపులో దాచుకున్న సంగతి.

ఏడాది కిందట, ఇళ్లు కట్టాలని అనుకుంటున్నప్పుడు, కళ్లద్దాల ఇంజనీరు ఒకడు వచ్చాడు. మిట్ట పాదం దగ్గర కొళాయికి గుండ్రటి మీటరు బిగించి, నీళ్ల తోపు ఎంతుందో రాసుకుంటానన్నాడు. ముందు రోజే కబురు చేశాడు. అంత చదువుకున్న మనిషి మన ఊరి నీళ్లు చూడ్డానికి వచ్చినప్పుడు కొళాయి తుస్సుమంటే ఏం బావుంటుంది? నీళ్లత్త పొద్దున్నే వెళ్లి కింది మూడు వీధుల వాల్వులూ కట్టేసింది. ఊరి నీళ్లన్నీ మిట్ట వైపు తోసుకొచ్చాయి. మీటరు ముల్లు పదిహేడు దగ్గర నిలబడింది. పదిహేడు మీటర్ల ఎత్తుకైనా ఎక్కుతాయని అర్థమట. "చాలా బావుందమ్మా" అన్నాడు ఇంజనీరు. ఆవిడ వారం రోజులు ఆ మాట తల్చుకుని మురిసిపోయింది.

నాలుగు రోజుల కిందట అదే ఇంజనీరు నీళ్ల ఆఫీసులో కాయితం పరిచి చూపించాడు. "మిట్ట పైవరస ఎత్తు పద్నాలుగు మీటర్లు. మన తోపు పదిహేడు. అందుకే మోటారు అక్కర్లేదని రాశాను. చూశారా, ఇదంతా ఆ రోజు మీరు దగ్గరుండి చూపించిన లెక్కే."

నలభై ఇళ్లూ ఆవిడ చేసిన మర్యాద మీద కట్టేశారు.

అప్పుడే చెప్పాల్సింది. నీళ్లు నమిలింది. ఇంటికొచ్చి రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు నాలుగు సార్లు వచ్చి వెళ్లింది.

పరీక్ష రోజు తెల్లవారుతుండగా పాలాయన సైకిలు గది ముందు ఆగింది. వాళ్లకు రోజూ పాలు పోసేది అతనే. అతనికొచ్చింది ముప్పై ఒకటో నంబరు. అదీ నాలుగో వరసే.

"అత్తా, ఒక్క మాట" అన్నాడు, గొంతు తగ్గించి. "ఎనిమిదింటికి ఒక అరగంట కింది వీధులు కట్టేయకూడదూ? ఎక్కుతాయనుకో. అయినా మన జాగ్రత్తలో మనం ఉండాలిగా."

"అన్ని వీధులూ రోజూ ఎలా నడుస్తాయో అలాగే ఉంచమన్నాడు ఇంజనీరు."

"ఆయన అలాగే అంటాడు. ఆయనకేం, పొద్దున్నే వస్తాడు, సాయంత్రం పోతాడు. అరగంట కడితే ఎవరు చచ్చిపోతారు?"

"పాలల్లో నీళ్లు కలిపినంత తేలిక అనుకుంటున్నావా?"

"నువ్వు వదిలేదే కదా నేను కలిపేది" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి, "నా ఒక్కడి కోసం కాదత్తా. నీ పిల్ల కోసం చూడు. ఎనిమిది రోజులు కూడా లేవు కదా మీకు" అన్నాడు.

సైకిలు వెళ్లిపోయింది. లోపల కూతురు మిషను ముందు కూర్చుని, చేతిలో గుడ్డ ఎత్తి చూపించింది. ఆర్డర్లలో మిగిలిన ముక్కలన్నీ కలిపి కుట్టిన కిటికీ తెర. ఒక ముక్క పువ్వులు, ఒక ముక్క గళ్లు, ఒక ముక్క ఎవరి చొక్కాదో జేబుతో సహా ఉంది.

"అమ్మా, కిటికీలు మూడా నాలుగా? మూడు కుట్టాను."

నీళ్లత్త ఆ జేబు ముక్క వంక చూసింది. తాళం భుజాన వేసుకుని బయటపడింది.

ఆరింటికల్లా రోజూలాగే అన్ని వాల్వులూ తిప్పి నీళ్లు వదిలింది. ఏడున్నర అయ్యేసరికి ఆవిడ కాళ్లు వాటంతట అవే పిండిమర దగ్గరికి వచ్చేశాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే ఇల్లు పోతుంది. చెప్పకుండా ఊరుకున్నా పోతుంది. కడితేనే ఉంటుంది. పదమూడు చుట్లు ఇక్కడ, పదకొండు అక్కడ, పద్నాలుగు ఆ పైన. ఎవరూ చూడరు. చూసినా ఏమీ అనరు. నీళ్లత్త వాల్వు తిప్పుతుంటే ఎందుకు తిప్పుతున్నావని పదహారేళ్లలో అడిగినవాళ్లు లేరు.

మూత తీసింది. గుంత గోడకి ఒక కప్ప అంటుకుని ఉంది. తాళం తగిలించి కట్టడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. చేతులకి చెమట పట్టి పిడి జారుతోంది. చీరకొంగుతో తుడుచుకుంది. నాలుగు. ఐదు. ఆరు. ఆగి పిడికి చెవి ఆనించింది. ఈల సన్నబడింది.

ఎదురుగా వీధి కొళాయి దగ్గర ఇస్త్రీ చేసే ఆవిడ బిందె పట్టుకుంటోంది. ధార చిక్కిపోవడం చూసి బిందెని కొంచెం ముందుకు జరిపింది, అంతే. తిట్టలేదు, అరవలేదు. నీళ్లత్త వైపు చూసి, "పైవాళ్ల కోసమా అత్తా?" అంది.

"ఊ."

"కట్టుకో కట్టుకో. ఈ ఒక్క రోజేగా."

నీళ్లత్త ఏడో చుట్టుకి చేతులు బిగించింది. చేతులు కదల్లేదు.

ఈ ఒక్క రోజే. రేపు పొద్దున పాలాయన వస్తాడు. అత్తా, ఈ ఒక్క రోజే. ఎల్లుండి ముప్పై అయిదో నంబరు ముసలాయన, ఆ మర్నాడు పసిపిల్లతో ఎవరో. కిందివాళ్లకి కడితేనే పైవాళ్లకి ఎక్కుతాయి. రోజూ పొద్దున్నే ఈ గుంత ముందు నిలబడి, ఎవరి బిందె నిండాలో, ఎవరి బిందె ఎండాలో తేల్చాలి. తన ఇల్లు కూడా ఆ పైనే ఉంటుంది. ఇస్త్రీ ఆవిడ ఇలా బిందె జరుపుకుంటూనే ఉంటుంది, జరుపుకుంటూనే ఉంటుంది, ఒక రోజు జరపదు. రాయి తీసుకుంటుంది. ఆవిడ తప్పేం ఉంటుంది?

ఆరు చుట్లు వెనక్కి తిప్పింది. లెక్క తప్పకుండా, ఒక్కోటి లోలోపల అనుకుంటూ. కొళాయి ధార మళ్లీ లావెక్కింది.

"అదేంటత్తా, మానేశావు?"

"బిందె పట్టుకోవే ముందు" అంది నీళ్లత్త. తాళం భుజాన పడేసుకుని మిట్ట ఎక్కింది.

మిట్ట మీద జనం ఇళ్ల ముందు నిలబడి ఉన్నారు. ఎవరి గుమ్మం ముందు వాళ్లు, అప్పుడే కాపురానికి వచ్చేసినట్టు. కొందరు చీపుళ్లు కూడా తెచ్చుకున్నారు. ఇంజనీరు నాలుగో వరస చివరి ఇంటి ముందు బకెట్టు పెట్టి, చేతి గడియారం విప్పి పట్టుకున్నాడు. ఐదు నిమిషాల్లో బకెట్టు నిండాలి.

ఎనిమిది అయింది. మొదటి వరస కొళాయిలు బుస్సుమన్నాయి. జనం గలగలమన్నారు. రెండో వరస, కొంచెం ఆలస్యంగా, మంచి ధారే. మూడో వరసలో నూలుపోగంత వచ్చింది. నాలుగో వరస కొళాయి రెండుసార్లు దగ్గింది. తర్వాత గాలి బయటికి వచ్చింది. ఆ తర్వాత అదీ ఆగిపోయింది.

బకెట్టు అడుగున తడి కూడా లేదు. ఇంజనీరు కొళాయి కట్టి మళ్లీ తిప్పాడు. గడియారం వంక, కాయితం వంక చూశాడు. పాలాయన మాత్రం నీళ్లత్త వంకే చూస్తున్నాడు.

"అత్తా, వాల్వు ఏదో బిగిసినట్టుంది. ఒక్కసారి కిందికెళ్లి చూసి రా" అన్నాడు. ఒక్కో మాటా ఒత్తి పలికాడు. "మేం ఆగుతాం. సార్ కూడా ఆగుతారు."

అందరూ ఆవిడ వైపు తిరిగారు. పదహారేళ్లలో ఇంతమంది ఒకేసారి ఆవిడ మొహం చూడలేదు. చూసేది ఎప్పుడూ కొళాయి వంకే. నీళ్లత్త తాళాన్ని నేల మీద ఆనించి, దాన్ని పట్టుకుని నిలబడింది.

"వాల్వులన్నీ బాగానే ఉన్నాయి. అన్నీ తీసే ఉన్నాయి" అంది. "ఇంతే ఎక్కుతాయి సారూ. కిందటేడు మీరు వచ్చినప్పుడు కింది వీధులు కట్టేశాను."

"ఏ వీధులు?"

"మూడూ."

ఇంజనీరు చేతి గడియారం జేబులో వేసుకున్నాడు. "ఎందుకు కట్టారు?"

"చుట్టాలు వస్తున్నారంటే వాకిలి ఊడవమా సారూ? అలాగే. మీరు రాసుకున్నది ఇళ్లు కట్టే లెక్కని నాకు తెలీదు. తెలిశాక చెప్పలేదు. నాలుగు రోజులు దాచాను. అది నా తప్పే."

ఎవరి చేతిలోంచో చీపురు కిందపడింది. ఇంజనీరు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడిచినవాటినే మళ్లీ తుడిచాడు.

"ఏ వాల్వులు తీసి ఉన్నాయని నేనూ అడగలేదు" అన్నాడు చివరికి. ఆ మాట జనంతో కాదు, చేతిలో కాయితంతో అన్నట్టుంది.

కింది రెండు వరసల వాళ్లకి ఆ సాయంత్రమే తాళాలిచ్చారు. పై రెండు వరసలకీ, మధ్యలో నీళ్ల తొట్టి కట్టి మోటారు పెడితే తప్ప లాభం లేదట. ఆ కాయితాలు కదిలి, పని మొదలై, పూర్తవ్వాలంటే వానలు వచ్చి వెళ్లిపోవాలి.

మిట్ట దిగుతుంటే పాలాయన ఆవిడని దాటుకుంటూ వెళ్లాడు. "నీ కడుపు మీద నువ్వు కొట్టుకున్నావు సరే. మా కడుపులు ఏం చేశాయి?" అన్నాడు. అతనికి ఇద్దరు పిల్లలు, పశువుల పాక పక్క గది. ఆవిడకి తెలుసు.

గదికి వచ్చేసరికి కబురు ఆవిడకంటే ముందే వచ్చేసింది. కూతురు తెరలు మడత పెడుతోంది.

"కిటికీలు మూడా నాలుగా అంటే చెప్పకుండా పోయావు. ఇందుకేనా?"

"నాలుగు" అంది నీళ్లత్త.

కూతురు మడత పెట్టిన మూడింటినీ పెట్టె అడుగున పెట్టింది. "అయితే ఇంకోటి కుట్టాలి" అంది. కోపంగానే అంది. మధ్యాహ్నం ఇద్దరూ అద్దె గదులు వెతకడానికి బయల్దేరారు. సందు చివర ఒకటి చూశారు. మిషను పడుతుంది గానీ తలుపు పూర్తిగా తెరుచుకోదు. రేపు చెబుతామన్నారు.

మర్నాడు పాలాయన సైకిలు గది ముందు ఆగలేదు. ఏడింటికి మిట్ట పాదం దగ్గర ఇంజనీరు మీటరు బిగించి నిలబడి ఉన్నాడు. ముల్లు లేచి, కొంచెం వణికి, తొమ్మిది దగ్గర ఆగింది.

"ఏమైనా కట్టి ఉన్నాయా?" అని అడిగాడు.

"ఏవీ లేవు."

అతను తల ఊపాడు గానీ కలం ఎత్తలేదు. నీళ్లత్తకి అర్థమైంది. భుజం మీది తాళం తీసి అతని చేతికిచ్చింది.

"పిండిమర దగ్గర మొదలుపెట్టండి సారూ. తగిలించండి, తిప్పకండి. పిడికి చెవి ఆనించండి."

అంత బరువుంటుందని అతను అనుకున్నట్టు లేదు. కడ్డీ ఒక పక్కకి ఒరిగిపోతుంటే సర్దుకుంటూ వీధిలోకి దిగాడు. ఆవిడ వెనకాలే నడిచింది. పిండిమర దగ్గర అతను మోకాళ్ల మీద కూర్చుని, కళ్లద్దాలు చొక్కా జేబులో పెట్టుకుని, చెవి ఆనించాడు. బిందెలు పట్టుకునేవాళ్లు వింతగా చూస్తున్నారు. తర్వాత బడి దగ్గర. తర్వాత రాళ్లు చెక్కేవాళ్ల వీధిలో. మూడు చోట్లా విన్నాడు. ఒక్కోచోట చాలాసేపు విన్నాడు.

తిరిగి వచ్చి మీటరు మళ్లీ చూసుకున్నాడు.

"తొమ్మిది" అన్నాడు.

"రాసుకోండి" అంది నీళ్లత్త. తాళం కోసం చెయ్యి చాచింది.